ఎక్కడ ఆగాలో తెలిసిన ఉత్తర్వు

ఏ కోర్టు ఉత్తర్వు చేతికొచ్చినా నేను ముందు చివరి పేజీలే చూస్తాను. వాదప్రతివాదాలు, పాత తీర్పులు, సెక్షన్లు అన్నీ అయిపోయాక, ఫలానావారు ఫలానా పని చెయ్యాలి, ఫలానా పని మానాలి అని జడ్జి రాసే భాగం అక్కడుంటుంది. వకీళ్ళు దాన్ని ఆపరేటివ్ పోర్షన్ అంటారు. జడ్జికి విషయం ఎంత లోతుగా పట్టుబడిందో అక్కడ తెలిసిపోతుంది. ఉద్యోగం మానేసి వెళ్ళినవాడు పాత కంపెనీ రహస్యాలు పట్టుకుపోయాడనే దావాల్లో మరీను. ఒక గోడ కట్టొద్దనో, ఒక స్థలం అమ్మొద్దనో ఆపడం తేలిక. మనిషి తలలో ఉన్నదాన్ని ఆపడం, అదీ అందులో కొంత భాగాన్నే ఆపడం చాలా కష్టం. ఎన్నో ఉత్తర్వులు ఈ చిక్కును పక్కనపెట్టి, కంపెనీ రహస్య సమాచారాన్ని ప్రతివాది ఏ రకంగానూ వాడరాదు అని ఒక్క వాక్యంతో ముగించేస్తాయి. ఆ వాక్యం వల్ల కంపెనీకి ఏం దక్కిందో, ఆ మనిషి మర్నాడు కొత్త ఆఫీసులో ఏ పని చెయ్యొచ్చో ఎవరూ చెప్పలేరు.

2017 మే 11న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ జిల్లా కోర్టులో జడ్జి విలియం ఆల్సప్ రాసిన మధ్యంతర ఉత్తర్వు అలాంటిది కాదు. డ్రైవర్ లేని కార్ల విషయంలో ఊబర్ మీద వేమో వేసిన దావాలో వచ్చిందది. ఒక్కో వాక్యం దగ్గర ఆగి చదవదగ్గ పనితనం అందులో ఉంది.

ముందు కథ. గూగుల్‌లో మొదలైన డ్రైవర్ లేని కార్ల ప్రాజెక్టే తర్వాత వేమో అయింది. ఆంథనీ లెవాండోస్కీ ఆ ప్రాజెక్టులో తొలినాళ్ళ నుంచీ ఉన్న ఇంజనీరు. 2015 డిసెంబరులో ఆయన కంపెనీ డిజైన్ సర్వర్‌లోంచి 14,000కు పైగా ఫైళ్ళు, మొత్తం 9.7 గిగాబైట్లు, తన ల్యాప్‌టాప్‌లోకి దించుకున్నారు. 2016 జనవరి 27న ఉద్యోగం వదిలేశారు. డ్రైవర్ లేని లారీల కోసం ఒట్టో అనే కంపెనీ పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో దాన్ని ఊబర్ కొనేసింది. ఆయన ఊబర్‌లో ఆ విభాగానికి పెద్ద అయ్యారు. ఇదంతా బయటపడింది ఒక పొరపాటు ఈమెయిల్ వల్ల. 2016 డిసెంబరులో, సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఒక సరఫరాదారు ఊబర్ బోర్డు డ్రాయింగును పంపుతూ వేమో ఉద్యోగిని కూడా ఆ మెయిల్‌లో కలిపేశాడు. ఆ డ్రాయింగు చూస్తే తమ బోర్డులాగే ఉందని వేమోవాళ్ళకు అనిపించింది. 2017 ఫిబ్రవరి 23న దావా వేశారు.

గొడవంతా లైడార్ గురించి. లేజర్ కాంతిని బయటికి పంపి, అది ఎదురుగా ఉన్నదాన్ని తాకి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కకట్టే పరికరం అది. కారుకు కళ్ళు అదే. లేజర్ డయోడ్లను బోర్డు మీద ఎలా అమర్చాలి, ఒక్కోదాన్ని ఏ కోణంలో తిప్పాలి, కాంతి ఏ లెన్స్‌లోంచి పోయి ఏ లెన్స్‌లోంచి రావాలి అన్నవే అసలు రహస్యాలు. ఇవి తెలియకుండా ఉత్తర్వు రాస్తే అది అయితే మరీ వెడల్పుగా, లేకపోతే మరీ వదులుగా వస్తుంది.

ఆల్సప్ మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీలో గణితం చదివినవారు. అంతకుముందు ఒరాకిల్, గూగుల్ దావాలో ప్రోగ్రామింగ్ గురించి వకీళ్ళు చెప్పిన మాటలను తాను స్వయంగా కోడ్ రాసిన అనుభవంతో తూచి చూశారని పేరు. ఈ దావాలో వాదనలకు ముందు, లైడార్ ఎలా పనిచేస్తుందో కోర్టుకు ఒక పాఠం చెప్పమని ఇరుపక్షాలనూ ఆదేశించారు. ఆ ఆదేశంలోనే, లెన్స్‌ల గురించి, ఫోకల్ లెంగ్త్ గురించి, వస్తువు దూరాన్ని బట్టి కాంతి ఎక్కడ కేంద్రీకరిస్తుందన్నదాని గురించి మొదటి పాఠాలు తనకు ఇప్పటికే తెలుసని, అక్కడి నుంచి మొదలుపెట్టమని చెప్పారు. ఇది డాబు కోసం అన్నది కాదని ఉత్తర్వు చదివితే తెలుస్తుంది. వేమో అడిగినవాటిలో ఏది ఇవ్వకూడదో ఆయన తేల్చుకున్నది ఆ చదువుతోనే.

వేమో చాలా అడిగింది. 121 వ్యాపార రహస్యాల జాబితా ఇచ్చి, కొన్నిటి మీద తక్షణం నిషేధం కోరింది. పేటెంట్ల ఉల్లంఘన కూడా జరిగిందంది. పేటెంట్ల వాదనను ఆల్సప్ ఒప్పుకోలేదు. వేమో పేటెంటు, కాంతి పోవడానికీ రావడానికీ ఒకే లెన్స్ వాడే డిజైను గురించి. ఊబర్ తయారుచేస్తున్న పరికరంలో పంపే లెన్స్ వేరు, అందుకునే లెన్స్ వేరు. లెన్స్ తెలిసిన జడ్జికి ఇక్కడ తడబాటు లేదు.

రహస్యాల జాబితాతో ఆయన వ్యవహరించిన తీరు నన్ను ఇంకా ఆకట్టుకుంది. కొన్ని అంశాలు నిజంగానే రహస్యాలయ్యే అవకాశం ఉందన్నారు. కానీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న సూత్రాన్ని బట్టి ఏ ఇంజనీరైనా చేరుకునే సాధారణ పద్ధతులను తమ రహస్యమని కంపెనీ చెప్పుకోవడం కుదరదన్నారు. అవి ఇంజనీరు బుర్రలో ఉండే పనిముట్లని, ఆయన ఎక్కడికి వెళ్ళినా ఆయనతోపాటే వెళ్తాయని ఆయన భావం. దీనికి ఆయన ఆసరా తీసుకున్న పాత తీర్పు 1965 నాటిది, విన్‌స్టన్ రీసెర్చ్ కేసు. టేపు రికార్డర్లు తయారుచేసే 3ఎం విభాగంలోంచి ఇంజనీర్లు బయటికెళ్ళి సొంత కంపెనీ పెట్టుకుంటే వచ్చిన గొడవ అది. ఎప్పటికీ వాడకుండా ఆపమని పాత కంపెనీ కోరింది, అసలు ఆపొద్దని కొత్త కంపెనీ కోరింది. అప్పీలు కోర్టు రెండేళ్ళ నిషేధాన్ని సమర్థించింది. రహస్యం వల్ల కొత్త కంపెనీకి అన్యాయంగా దొరికిన ముందడుగు ఎంతో లెక్కగట్టి, ఆ మేరకే ఆపాలన్నది దాని తర్కం. ఆల్సప్ పనితనం వెనక ఈ పాత లెక్క ఉంది.

సాక్ష్యం విషయంలో కూడా ఆయన తొందరపడలేదు. తమ సర్వర్లలో ఆ ఫైళ్ళు ఎక్కడా దొరకలేదని ఊబర్ వాదించింది. ఆ మాట నిజమే అనుకున్నా దానితో విషయం ముగిసిపోదని ఆల్సప్ అన్నారు. లెవాండోస్కీ ఫైళ్ళను తన సొంత డివైస్‌లో ఉంచుకుని, ఇంట్లో చూసుకుని, ఆఫీసుకొచ్చి నోటితో చెప్పొచ్చు కదా. ఇంతలో లెవాండోస్కీ, తనను తాను ఇరికించే సాక్ష్యం చెప్పనక్కర్లేదన్న రాజ్యాంగ హక్కు, అంటే ఐదో సవరణ కింద ఉన్నది, వాడుకుని నోరు విప్పలేదు. ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పగల మనిషి ఒక్కడే. ఆయన చెప్పడు. అలాంటప్పుడు ఏం రాయాలి?

ఇక్కడ ఇంకో చిక్కు. లెవాండోస్కీ ఈ దావాలో ప్రతివాది కాదు. ఊబర్, ఒట్టో కంపెనీలే ప్రతివాదులు. ఆయనతో ఉన్న ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉండటంతో వేమో ఆయనతో తగువును వేరుగా నడిపింది. కాబట్టి, ఫైళ్ళు తెచ్చివ్వు అని ఆల్సప్ ఆయన్ను నేరుగా ఆదేశించలేదు. ఆదేశించింది ఊబర్‌ను. యజమానిగా, కాంట్రాక్టు రాసుకున్నవారిగా మీకు ఆయన మీద ఎంత అధికారం ఉందో అంతా ప్రయోగించి ఆ ఫైళ్ళు వెనక్కి తెప్పించండి అన్నారు. గడువు మే 31 మధ్యాహ్నం 12 గంటలు. ప్రతివాదికి తన ఉద్యోగి మీద ఉన్న అధికారాన్నే ఉత్తర్వుకు పనిముట్టుగా మార్చిన ఈ ఎత్తుగడ మన వకీళ్ళు గుర్తుపెట్టుకోదగ్గది.

ఆ వాక్యంలో ఇంకా చూడాల్సింది ఉంది. ఏ ఫైళ్ళు? ఉత్తర్వు ఒక పదబంధాన్ని నిర్వచించుకుంది. లెవాండోస్కీ వేమో నుంచి డౌన్‌లోడ్ చేసుకుని, ఉద్యోగం వదిలేటప్పుడు తన దగ్గరే ఉంచుకున్న సామగ్రి అంతా. రెండే క్రియలు: దించుకోవడం, ఉంచుకోవడం. ఈ రెండిటినీ కంప్యూటర్ రికార్డులతో నిరూపించవచ్చు. ఆయనకు ఏం తెలుసు, ఏం గుర్తుంది అన్న ఊబిలోకి ఉత్తర్వు దిగలేదు. వేమో 'రహస్యం' అని ముద్రవేసిందల్లా వదిలెయ్యమని కూడా అనలేదు. ఫైల్లో ఉన్నది నిజంగా రహస్యమా కాదా అన్న తగువు ట్రయల్‌లో తేలేదాకా ఆగనక్కర్లేదు, ఉద్యోగం వదిలేసిన మనిషి దగ్గర ఆ ఫైలు ఉండకూడదు, అంతే. దాంతోపాటు ఫైలు ప్రతులు, అందులోంచి తీసి రాసుకున్న ముక్కలు, సారాంశాలు కూడా ఇచ్చెయ్యాలన్నారు. ఈ సారాంశాలు అన్న మాట లేకపోతే, ఫైలు తిరిగిచ్చి నోటుపుస్తకం ఉంచుకునేవాళ్ళు చాలామంది. అదే వాక్యంలో, కోర్టు కేసు నడపడానికి వకీళ్ళకు, నిపుణులకు కావాల్సిన ప్రతులు మాత్రం తీసుకోవచ్చని వదిలారు. లేకపోతే ఊబర్ తన కేసునే వాదించుకోలేదు.

కాగితాన్ని వెనక్కి తెప్పించగలం, తలను తెప్పించలేం. అందుకే రెండో ఆదేశం మనిషి గురించి. లైడార్‌కు సంబంధించిన ఏ బాధ్యతలోనూ లెవాండోస్కీ ఉండకూడదు. లైడార్ గురించి ఊబర్ అధికారులతో, ఉద్యోగులతో, ఏజెంట్లతో, సరఫరాదారులతో, సలహాదారులతో, కస్టమర్లతో ఆయన ఏ మాటా మాట్లాడకుండా ఊబర్ తన శక్తి మేరకు చూడాలి. ఈ సంగతి వాళ్ళందరికీ రాతపూర్వకంగా తెలపాలి. జాబితాలో సరఫరాదారులు ఎందుకొచ్చారో ఆ పొరపాటు ఈమెయిల్ గుర్తుంటే అర్థమవుతుంది. డిజైను బయటికి పోయే దారుల్లో బోర్డు తయారుచేసేవాడు ఒకడు. ఈ జాబితా ఏదో ఫారంలోంచి ఎత్తి రాసింది కాదు, ఈ కేసు కోసం కూర్చింది.

ఇందులో లేనిది కూడా చూడాలి. ఊబర్‌లో పనిచెయ్యొద్దు అని లేదు. డ్రైవర్ లేని కార్ల పని మొత్తం మానుకోమని లేదు. సాఫ్ట్‌వేర్, మ్యాపులు, లారీలు, మనుషుల నిర్వహణ, ఏదైనా చేసుకోవచ్చు. కంచె లైడార్ చుట్టూ మాత్రమే. నిజానికి ఏప్రిల్ చివర్లోనే తాను లైడార్ పని నుంచి తప్పుకుంటున్నానని ఆయన ప్రకటించారు. కానీ ఆ మాట ఇచ్చినవాళ్ళే రేపు మార్చుకోవచ్చు. ఉత్తర్వు దాన్ని తప్పనిసరి చేసింది, ఎవరెవరితో మాట్లాడకూడదో పేర్కొంది, అదనంగా ఒక్క అంగుళం కూడా విస్తరించలేదు. కలుపు తీసే చెయ్యి వరి దుబ్బును కదపకుండా కలుపు వేరునే పట్టుకున్నట్టుంటుంది ఈ కొలత. ఊబర్ లైడార్ పని కూడా ఆగలేదు. లెవాండోస్కీ లేకుండా ఊబర్ ఇంజనీర్లు తమ పని కొనసాగించుకోవచ్చు. అసలు ఊబర్ ప్రాజెక్టునే ఆపేసి ఉంటే వేమో మార్కెట్లో పోటీదారుడిని కోర్టు చేతే తప్పించినట్టయ్యేది.

మూడో ఆదేశం నాకు అన్నిటికంటే ఇష్టం. ఊబర్ లోతుగా విచారించి, ప్రమాణం చేసి, ఒక లెక్క ఇవ్వాలి. ఆ ఫైళ్ళలోది ఏ ముక్కనైనా చూసినవాళ్ళు, విన్నవాళ్ళు ఎవరు, ఏం చూశారు, ఏం విన్నారు, ఎప్పుడు, ఎందుకు. గడువు జూన్ 23 మధ్యాహ్నం. ఊబర్ ఉద్యోగులతో ఈ లెక్క ఆగదు. లెవాండోస్కీ, ఆయన సొంత వకీళ్ళు కూడా అందులోకి వస్తారు. మినహాయింపు ఆయన ఐదో సవరణ హక్కుకు మాత్రమే. దావా వేశాక కేసు పని మీద ఆ ఫైళ్ళు చూసిన వకీళ్ళు, నిపుణుల పేర్లు వదిలెయ్యొచ్చు, దావాకు ముందు చూసినవాళ్ళకు ఆ మినహాయింపు లేదు. గడప ఎక్కడ పెట్టారో చూడండి: దావా వేసిన తేదీ. ఊబర్ ఒట్టోను కొనకముందు వకీళ్ళచేత, బయటి పరిశోధకులచేత చేయించుకున్న పరిశీలన ఆ గడపకు అవతల పడుతుంది. ఆ పరిశీలనలో ఎవరికి ఏం తెలిసిందన్నది ఈ కేసులో పెద్ద ప్రశ్న.

విన్నవాళ్ళు అన్న మాట మీద ఇంకో క్షణం ఆగుదాం. ఈ రంగంలో రాసే ఉత్తర్వులు చూడటం, కాపీ చెయ్యడం, పంపడం దాకానే వెళ్తాయి. చెవిన పడటాన్ని మర్చిపోతాయి. ఒక ఇంజనీరు కాఫీ మిషన్ దగ్గర నిలబడి, డయోడు పిచ్ ఇంత పెడితే బాగుంటుందిరా అని అన్నాడనుకోండి, ఆ రహస్యం అప్పుడే చేతులు మారింది. దానికి ఫైలు జాడ ఉండదు, సర్వర్ లాగ్ ఉండదు. విన్నవాణ్ణి అడిగితేనే తెలుస్తుంది.

నాలుగో ఆదేశం దీని పక్కనే నడుస్తుంది. లెవాండోస్కీ లైడార్ ప్రస్తావన తెచ్చిన ప్రతి సంభాషణకూ ఒక చిట్టా తయారుచెయ్యాలి. మీటింగులు, ఫోన్లు, ఇద్దరి మధ్య మాటలు, మెసేజ్‌లు, మెయిళ్ళు, ఉత్తరాలు, మెమోలు, వాయిస్‌మెయిళ్ళు అన్నీ. ఒక్కోదానికి సమయం, చోటు, ఏ మార్గంలో జరిగింది, ఎవరెవరున్నారు, ఏం మాట్లాడారు, దాని గురించి ఎవరైనా రాసుకున్న నోట్సు ఉందా. ఊబర్ లాంటి కంపెనీకి ఇది ఎంత బరువైన పనో ఊహించండి. కానీ ఆ బరువు ఎవరి మీద పడాలన్నదే ప్రశ్న. ఫైళ్ళు పట్టుకొచ్చిన మనిషిని తెలిసో, తెలుసుకోవాల్సి ఉండో పనిలోకి తీసుకున్నది ఊబరేనన్నది ఆల్సప్ అభిప్రాయం. బరువు అటే పెట్టారు. దీంతోపాటు వేమో వకీళ్ళను, వాళ్ళ నిపుణుణ్ణి ఊబర్ లైడార్ పని చూడనివ్వమన్నారు: స్కీమాటిక్స్, వర్క్ ఆర్డర్లు, సోర్స్ కోడ్, నోట్సు, మెయిళ్ళు. చూసేది వకీళ్ళు, నిపుణుడు మాత్రమే, వేమో ఇంజనీర్లు కారు. లేకపోతే ఒక రహస్యాన్ని కాపాడే ఉత్తర్వే ఇంకో రహస్యాన్ని అవతలివాళ్ళ చేతిలో పెట్టేది.

అదే జాగ్రత్త ఉత్తర్వు కాగితం మీద కూడా కనిపిస్తుంది. రాసింది మే 11న, అందరికీ విడుదలైంది మే 15న, కొన్ని వాక్యాల మీద నల్లగీతలతో. రహస్యాన్ని రక్షించే పత్రం ఆ రహస్యాన్నే వివరించక తప్పదు. వివరిస్తే అది ఎవరైనా చదువుకునే పబ్లిక్ రికార్డు అయిపోతుంది. ఆల్సప్ కోర్టు వ్యవహారాలు సాధ్యమైనంత బాహాటంగా ఉండాలని పట్టుబట్టే జడ్జి. అందుకే నల్లగీతలు కోణాలు, కొలతలు ఉన్నచోటే పడ్డాయి. జరిగిన కథ, కారణాలు, ఆదేశాలు అందరూ చదవగలిగేలా ఉన్నాయి.

ఈ ఉత్తర్వులో నాకు మనసు ఒప్పని చోటు ఒకటే. మౌనంగా ఉండే హక్కున్న మనిషి మీద యజమాని ద్వారా ఒత్తిడి తేవడం. ఫైళ్ళు ఇవ్వకపోతే ఉద్యోగం పోతుంది, ఇస్తే తన దగ్గర ఉన్నట్టు ఒప్పుకున్నట్టవుతుంది. ఆ మేరకు లెవాండోస్కీ పక్షం చెప్పినదాంట్లో న్యాయం ఉంది. అయినా జైలు భయం ప్రభుత్వం వల్ల, ఉద్యోగం యజమాని ఇష్టం, ఈ రెండూ వేరన్న ఆల్సప్ గీతను నేను కాదనలేను. లెవాండోస్కీ సహకరించలేదు. మే నెలాఖరున ఊబర్ ఆయన్ను తొలగించింది. 2018 ఫిబ్రవరిలో ట్రయల్ మొదలై, ఐదో రోజున, ఫిబ్రవరి 9న, రాజీ కుదిరింది. ఊబర్ తన వాటాల్లో 0.34 శాతం వేమోకు ఇచ్చింది, అప్పటి విలువ దాదాపు 24.5 కోట్ల డాలర్లు. వేమో రహస్య సమాచారం తన హార్డ్‌వేర్‌లో, సాఫ్ట్‌వేర్‌లో చేరకుండా చూస్తానని మాట ఇచ్చింది. ఆల్సప్ మే 11నే విషయాన్ని ప్రభుత్వ న్యాయవాదికి నివేదించారు. దాని ఫలితంగా వచ్చిన క్రిమినల్ కేసులో లెవాండోస్కీ 2020 మార్చిలో ఒక నేరం ఒప్పుకున్నారు. ఆగస్టులో ఆల్సపే 18 నెలల శిక్ష వేశారు. 2021 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ పదవి దిగిపోతూ క్షమాభిక్ష పెట్టారు.

ఈ అమెరికా ఉత్తర్వుకూ మనకూ ఒక పాత చుట్టరికం ఉంది. ఉద్యోగం వదిలిన మనిషిని పోటీ కంపెనీలో చేరొద్దనే ఒప్పందాలు కాలిఫోర్నియాలో చెల్లవు. మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కూడా వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది. రెండూ 1872 నాటివే. రెండిటికీ మూలం న్యూయార్క్ న్యాయవాది డేవిడ్ డడ్లీ ఫీల్డ్ రాసిన ముసాయిదా. న్యూయార్క్ మాత్రం ఆ సివిల్ కోడ్‌ను చట్టం చేసుకోలేదు. సిలికాన్ వ్యాలీలో పనిచేసే మన తెలుగు ఇంజనీరుకూ, హైటెక్ సిటీలో ఉన్న వాళ్ళ తమ్ముడికీ ఈ విషయంలో ఒకే తాత ఆస్తి దక్కిందన్నమాట. కాబట్టి రెండుచోట్లా జడ్జి ముందున్న పని ఒకటే: మనిషిని ఆపకుండా రహస్యాన్ని ఆపడం.

మన సుప్రీంకోర్టు 1967 జనవరి 17న ఇలాంటి ఒక ఉత్తర్వును పరిశీలించి నిలబెట్టింది. నిరంజన్ శంకర్ గోలికరీ కేసు. ముంబై దగ్గర కల్యాణ్‌లో సెంచురీ రేయాన్ కంపెనీ టైర్లలో వాడే కార్డ్ నూలు తయారుచెయ్యడానికి 1961లో హాలండ్, జర్మనీ కంపెనీల నుంచి సాంకేతిక పరిజ్ఞానం కొనుక్కుంది. దాన్ని రహస్యంగా ఉంచుతామని, ఉద్యోగులతో కూడా అలాగే రాయించుకుంటామని మాట ఇచ్చింది. గోలికరీ అక్కడ షిఫ్ట్ సూపర్‌వైజర్. 1963 మార్చి 16 నుంచి ఐదేళ్ళ ఒప్పందం. 1963లో నెలల తరబడి శిక్షణ పొంది, 1964 అక్టోబరులో మానేసి, కోటాలోని రాజస్థాన్ రేయాన్‌లో చేరారు.

ఆయనకు వ్యతిరేకంగా వచ్చిన ఉత్తర్వుకు రెండు పొరలున్నాయి. మొదటిది, టైర్ కార్డ్ నూలు తయారీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా గానీ, ఏ పేరు పెట్టినా దాదాపు అదే పని చేసే ఉద్యోగిగా గానీ, రాజస్థాన్ రేయాన్‌లోనో దేశంలో ఇంకెక్కడో 1968 మార్చి 15 దాకా పనిచెయ్యకూడదు. అది ఐదేళ్ళ ఒప్పందం ముగిసే రోజు. రెండోది, ఆ గడువులోనూ ఆ తర్వాత కూడా, ఉద్యోగంలో తెలిసిన సమాచారాన్ని, పత్రాలను, నివేదికలను బయటపెట్టకూడదు. మొదటిదానికి తేదీ ఉంది, రెండోదానికి లేదు. పని చేసుకునే హక్కును కొంతకాలమే ఆపవచ్చు, రహస్యం కాపాడాల్సిన బాధ్యత మాత్రం ఉద్యోగంతో పోదు. ఈ తేడా ఉత్తర్వు వాక్య నిర్మాణంలోనే ఉంది. పేరు మార్చి అదే పని ఇచ్చే ఎత్తును ఏ పేరు పెట్టినా అన్న మాటతో మూసేశారు. ఆయన నూలు మిల్లులో ఇంకే పనైనా చేసుకోవచ్చు. జస్టిస్ షెలత్ రాసిన తీర్పు ఈ మూడు కొలతలనే ప్రత్యేకించి గుర్తించింది: కాలం, పని స్వభావం, ప్రాంతం. ఇన్ని హద్దులున్నాయి కాబట్టి ఇది అతివిస్తారం కాదని తేల్చింది. అయితే ఇదంతా ఒప్పందం కాలపరిమితి లోపలి మాట. ఉద్యోగకాలం ముగిశాక కూడా పోటీలో చేరొద్దనే షరతు వేరే సంగతి, 27వ సెక్షన్ దాన్ని నిలవనివ్వదు.

హైదరాబాదులో మందుల పరిశ్రమ తీరు తెలిసినవాళ్ళకు ఈ కొలతల విలువ వేరే చెప్పక్కర్లేదు. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి కంపెనీలు పెట్టకపోతే మన బల్క్ డ్రగ్స్ రంగం ఇలా పెరిగేది కాదు. డాక్టర్ కె. అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చినవారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఒక రియాక్షన్ ఎక్కడ వేడెక్కి అదుపు తప్పుతుందో, సాల్వెంట్ మార్చితే క్రిస్టల్ ఎలా మారుతుందో కెమిస్టు ఏళ్ళ తరబడి చేతితో నేర్చుకుంటాడు. ఆ చెయ్యి ఆయనది. కానీ ఒక ఫలానా మందుకు కంపెనీ ఏళ్ళు శ్రమించి తేల్చుకున్న ఉష్ణోగ్రత, సమయం, ఈల్డ్, ఇంప్యూరిటీ తగ్గించే దశ, ఇవన్నీ ఉండే బ్యాచ్ రికార్డు కంపెనీది. నోటీస్ పీరియడ్‌లో ఆ బ్యాచ్ రికార్డుల ఫొటోలు ఫోన్‌లోకి ఎక్కించుకుని వెళ్తే అది దించుకోవడం, ఉంచుకోవడం. రెండు క్రియలూ జరిగాయి.

మనకు వ్యాపార రహస్యాల మీద ప్రత్యేక చట్టం ఇంకా లేదు. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ఒక బిల్లు ముసాయిదా ఇచ్చింది. చట్టం లేకపోయినా సివిల్ కోర్టుకు ఇంజంక్షన్ ఇచ్చే అధికారం ఉంది, గోలికరీ లాంటి తీర్పులున్నాయి. లోటు ఎక్కువగా ప్లెయింటు చివర్లో ప్రార్థన రాసే చోట కనిపిస్తుంది. రహస్య సమాచారం వాడకుండా ఆపమని ఒక్క వాక్యం రాసి వదిలేసే బదులు, ఏ మందు, ఏ రికార్డులు, ఏ తేదీన ఏ డివైస్‌లోకి వెళ్ళాయో పేర్కొనాలి. ప్రతులు, ఫొటోలు, నోట్సు, సారాంశాలు ఫలానా రోజు మధ్యాహ్నానికల్లా కోర్టుకు అప్పగించాలని అడగాలి. వాటిని చూసినవాళ్ళు, విన్నవాళ్ళ పేర్లతో కొత్త కంపెనీ అఫిడవిట్ వెయ్యాలని అడగాలి. ఆ ఒక్క మందు తయారీలో, ఇన్ని నెలలపాటు, ఆ కెమిస్టు చెయ్యిపెట్టకూడదని అడగాలి. పక్క బ్లాకులో ఇంకో మందు రియాక్టర్ దగ్గర ఆయన నిలబడి పనిచేసుకోవడానికి మాత్రం ఆ ప్రార్థనలో అడ్డు ఉండకూడదు.